పొట్లం చిన్నదిగానే ఉండాలి

మా అమ్మమ్మ చిక్కుడు నా చేతుల్లోనే పోయింది. ఊదారంగు అంచుతో, వేలెడు పొడవున, కాస్త వంపు తిరిగి ఉండే పందిరి చిక్కుడు అది. పిఠాపురం దగ్గర పల్లెటూళ్ళో అమ్మమ్మ దొడ్లోంచి కాకినాడలో అమ్మ పెరట్లోకి, అమ్మ తర్వాత మా మిద్దె మీదికి వచ్చింది. ఒక ఏడు విరగకాసింది. ఎండిన కాయలన్నీ వలిస్తే అరకేజీ దాకా గింజలు వచ్చాయి. వాటన్నిటినీ ఒక పెద్ద గాజు సీసాలో పోసి, మూత బిగించి, వంటింట్లో పొయ్యికి పైనున్న అరలో పెట్టాను. వంట చేస్తూ తలెత్తినప్పుడల్లా ఆ గింజలు కనబడేవి. అమ్మమ్మని చూసినట్టే ఉండేది.

మరుసటి ఏడు ఇంట్లో ఆరోగ్యాలు బాగాలేక విత్తలేదు. ఆ పై ఏడు ఆషాఢంలో సీసా దించి చూస్తే అడుగున తెల్లటి పిండి, ప్రతి గింజకీ గుండ్రటి చిల్లు, మూత అంచున చచ్చిపడిన పెంకు పురుగులు. ఏరి ఏరి ఒక ఇరవై గింజలు నానబెట్టాను. ఒక్కటీ మొలవలేదు.

అప్పుడు పిన్నికి ఫోన్ చేసి ఏడ్చాను. పిన్ని తిట్టలేదు కానీ ఒక మాట అంది. "అమ్మమ్మ ఎప్పుడైనా గింజలన్నీ ఒకచోట పెట్టిందటే? నలుగురు ఆడపిల్లల ఇళ్ళకీ నాలుగు పొట్నాలు కట్టి పంపేది. తన దగ్గర ఉంచుకున్నది కూడా మూడు చోట్ల దాచేది." ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే.

ఇళ్ళలో, మిద్దెల మీద కూరగాయలు పెంచేవాళ్ళం ఈమధ్య చాలామందిమి తయారయ్యాం. మట్టి గురించి, ఎరువుల గురించి, పురుగుల గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటాం. గింజ దాచే సంగతి వచ్చేసరికి "ఏదో ఒక కవర్లో పెట్టేయండి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. నాకు ఇది తప్పనిపిస్తుంది. విత్తనం పోయేది ఎక్కువగా మడిలో కాదు, రెండు పంటల మధ్య మన ఇంట్లోనే. ఇంట్లో పారేసే కాగితాలతో చిన్న చిన్న పొట్లాలు చేసుకోవడం పొదుపు కోసమో, చేతిపని సరదా కోసమో అనుకుంటారు. పాత రకం ఒకటి ఇంకో ఇరవై ఏళ్ళు బతకాలంటే దాన్ని చిన్న పొట్లాలుగా విడగొట్టి, పేరు రాసి, పది ఇళ్ళలో పెట్టడం కంటే నమ్మకమైన దారి ఇంకొకటి నాకు కనబడలేదు.

మా సీసాలో ఏం జరిగిందో ముందు చెప్తాను. చిక్కుడు, కంది, పెసర, అలసంద లాంటి పప్పుజాతి గింజలకు పట్టే పెంకు పురుగు చాలాసార్లు చేలోనే, కాయ మీదే గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు గింజ లోపలికి దూరిపోతుంది కాబట్టి పైకి ఏమీ కనబడదు. మనం శుభ్రమైన గింజలనుకుని సీసాలో పోస్తాం. నెల తిరిగేసరికి లోపలి పురుగు చిల్లు చేసుకుని బయటికొచ్చి పక్క గింజల మీద మళ్ళీ గుడ్లు పెడుతుంది. గింజల్లో తడి మిగిలి ఉంటే, పొయ్యి వేడి కూడా తోడైతే దానికి ఇంక పండగే. నేను మూడు తప్పులూ ఒకేసారి చేశాను. సరిగ్గా ఎండబెట్టలేదు, వేడి చోట పెట్టాను, ఉన్నదంతా ఒక్కచోటే పోశాను. మొదటి రెండూ ఎవరైనా చేసేవే. నన్ను నిజంగా ముంచింది మూడోది.

గింజ ప్రాణంతో ఉండేది తడి, వేడి అనే రెండింటి మీద ఆధారపడి. హారింగ్టన్ అనే అమెరికా విత్తన శాస్త్రవేత్త చెప్పిన ఒక లెక్క ఉంది. గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే దాని నిలవ కాలం సుమారు రెట్టింపవుతుంది. దాచిన చోట వేడి 5 డిగ్రీల సెల్సియస్ తగ్గినా అంతే. ఇది ఉజ్జాయింపు లెక్కే, అన్ని గింజలకూ అచ్చంగా వర్తించదు. అయినా ఎండబెట్టడానికి రెండు రోజులు ఓపిక పట్టడం వల్ల ఎంత లాభమో దీంతో అర్థమవుతుంది. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో 2008లో తెరిచిన ప్రపంచ విత్తన భాండాగారంలో చేసేది కూడా ఇదే. బాగా ఎండిన గింజల్ని తేమ చొరబడని అల్యూమినియం రేకు పొట్లాల్లో మూసి, మైనస్ 18 డిగ్రీల చలిలో పెడతారు. అక్కడ కూడా గింజలుండేది పొట్లాల్లోనే, ఒక్కో రకానికి వేరువేరుగా, పేరూ నంబరూ రాసి.

మరి మనింట్లో కాగితమా, ప్లాస్టిక్ కవరా? తోట పెంచేవాళ్ళ మధ్య ఈ వాదన ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. నా ఉద్దేశంలో రెండూ కావాలి, కాకపోతే ఒకదాని తర్వాత ఒకటి. ఎండీ ఎండని గింజను జిప్ కవర్లో మూస్తే లోపలి తడి బయటికి పోలేక బూజు పడుతుంది. కాగితంలో పెడితే ఆ తడి మెల్లగా బయటికి పోతుంది. కానీ కాగితానికి బయటి తేమను ఆపే శక్తి లేదు. అనంతపురంలో ఉన్నవాళ్ళకు వేసవిలో కాగితం పొట్లం ఒక్కటే సరిపోవచ్చు. మా కాకినాడ సముద్రపు గాలికి డబ్బాలో ఉప్పే నీరుకారిపోతుంది, గింజ ఎంత? అందుకని లోపల కాగితం పొట్లం, ఆ పొట్లాలన్నిటికీ బయట గాలి చొరని డబ్బా. బిస్కెట్ల డబ్బా అయినా, బిగుతు మూత ఉన్న పాత కాఫీపొడి సీసా అయినా పర్వాలేదు. డబ్బా అడుగున గుప్పెడు బియ్యాన్ని సన్నటి సెగ మీద వేయించి, పూర్తిగా చల్లారాక గుడ్డలో మూటగట్టి పెడితే లోపలి తేమను లాక్కుంటుంది. చెప్పుల పెట్టెల్లో, మాత్రల సీసాల్లో వచ్చే చిన్న తెల్ల సంచులు కూడా ఇదే పని చేస్తాయి, వాటిని పారేయకండి.

ఇప్పుడు కాగితం సంగతి. మన ఇళ్ళలో పొట్లానికి పనికొచ్చే కాగితం ఎంత ఉందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైనది పెళ్ళి శుభలేఖ. దాని మీద వినాయకుడో, వెంకటేశ్వరస్వామో ఉంటాడు, నాలుగు మూలలా పసుపు ఉంటుంది. చెత్తలో వేయడానికి మనసొప్పదు, దాచుకుంటే బీరువా నిండిపోతుంది. మా ఇంట్లో పదేళ్ళ శుభలేఖలు అటక మీద కట్టలు కట్టి ఉండేవి. వాటి కవర్లు గట్టి కాగితం, ముందే అంటించి ఉంటాయి, చిక్కుడు, బీర, ఆనప లాంటి పెద్ద గింజలకు ఇట్టే సరిపోతాయి. దేవుడి బొమ్మ ఉన్న కాగితంలో గింజలు పెట్టి చుట్టాలకిస్తే ఎవరూ కాదనరు, పారేయరు కూడా. ఇది నేను కళ్ళారా చూసిన సంగతి.

తర్వాత గోడ క్యాలెండర్. నెల అయిపోగానే చించేసే ఆ పెద్ద కాగితం దళసరిగా ఉంటుంది, వెనకవైపు ఖాళీగా ఉంటే పేరు రాసుకోవచ్చు. వార్తాపత్రిక మూడోది. అది పలచన, తేమను పీల్చేస్తుంది, రెండేళ్ళకే పెళుసెక్కి మడత దగ్గర చిరుగుతుంది. ఎండబెట్టేటప్పుడు గింజల కింద పరచడానికి బాగుంటుంది, దాచడానికి రెండు పొరలు వేస్తే తప్ప నేను వాడను. తినే పదార్థాల్ని వార్తాపత్రికలో చుట్టొద్దని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2016లోనే చెప్పింది. విత్తే గింజకు ఆ ఇబ్బంది లేదు. అయితే వేరుశెనగలు, ధనియాలు లాంటివి విత్తనానికి కొన్ని, కూరకు కొన్ని ఒకే పొట్లంలోంచి తీసుకునే అలవాటుంటే మానుకోండి. మందుల చిన్న ప్లాస్టిక్ సీసాలు తోటకూర, మెంతి లాంటి గింజలకు బంగారం లాంటివి, మూత బిగుతుగా ఉంటుంది కాబట్టి. బాగా ఎండిన గింజనే అందులో పోయాలి.

జిగురు విషయంలో ఒక జాగ్రత్త. మైదా జిగురు, అన్నం మెతుకులు రెండూ బాగా అంటుకుంటాయి, నేనూ చిన్నప్పుడు పుస్తకాలకు అట్టలు వేసింది మెతుకులతోనే. కానీ విత్తనాల పొట్లానికి ఆ రెండూ వద్దు. బొద్దింకలు ఆ జిగురు కోసమే వచ్చి కాగితం కొరికేస్తాయి. జిగురే అక్కర్లేని మడత ఒకటుంది. చిన్నప్పుడు కాగితంతో నీళ్ళు తాగే గ్లాసు చేసుకునేవాళ్ళం చూడండి, అదే. జానెడు కంటే కాస్త తక్కువగా, 15 సెంటీమీటర్ల చదరపు కాగితం తీసుకుని ఐమూలగా మడిస్తే త్రిభుజం వస్తుంది. పొడుగు అంచు కిందికి ఉంచి, ఎడమ కొసను కుడివైపు అంచు మధ్యకు, కుడి కొసను ఎడమవైపు అంచు మధ్యకు మడవాలి. పైన రెండు రెక్కలు మిగులుతాయి. ముందు రెక్కను ఎదురుగా ఉన్న మడత జేబులోకి దోపి, నోరు తెరిచి గింజలు పోసి, వెనక రెక్కను కూడా ముందుకు వంచి అదే జేబులో దోపేయాలి. నీళ్ళనే ఆపే మడత కదా, అడుగు మూలల్లోంచి ఒక్క తోటకూర గింజ కూడా జారదు. తోటకూర గింజలు గ్రాముకు వెయ్యికి పైగా తూగుతాయి, మామూలు కవరు మూలల్లోంచి అవి ఎలా కారిపోతాయో పెంచినవాళ్ళకు తెలుసు. మా పక్కింటి పిల్లలకు ఒక ఆదివారం నేర్పితే సాయంత్రానికి అరవై పొట్లాలు చేసి పెట్టారు.

కిరాణా కొట్లో పొట్లం కట్టే చేతులు గుర్తున్నాయా? కాగితాన్ని గరాటులా తిప్పి, చక్కెర పోసి, పైభాగం మడిచి, పైనుంచి వేలాడే పురికొసను లాగి రెండు చుట్లు చుట్టి తెంపేవాడు. ఎక్కడా అంటించేది లేదు. ఆ నేర్పు మన కళ్ళముందే పోయింది. పాలిథిన్ కవర్లు వచ్చాక ఎవరికీ అవసరం లేకపోయింది.

అమ్మమ్మ కాలంలో ఇంకా ఎన్ని రకాల పొట్లాలు ఉండేవో. గుమ్మడి, ఆనప గింజల్ని పేడలో కలిపి పిడకలా గోడకు కొట్టేవాళ్ళు. అదే పొట్లం, అదే మందు, అదే ఎరువు. వర్షాలు పడగానే పిడక నానబెట్టి పాదులో పెడితే చాలు. బీరకాయను కోయకుండా చెట్టుకే ఎండనిచ్చి, అలాగే దూలానికి వేలాడదీసేవాళ్ళు. పీచు లోపల గింజలు చెక్కుచెదరకుండా ఉండేవి. ఎండిన ఆనప బుర్రలో గింజలు పోసి మూతి బిగించేవాళ్ళు. కందులకు ఎర్రమట్టి పట్టించేవాళ్ళు, పప్పు గింజలకు ఆముదం రాసేవాళ్ళు, బూడిదలో కలిపి కుండకెత్తేవాళ్ళు. బూడిద గింజకీ గింజకీ మధ్య సందుల్ని పూడ్చేస్తుంది, పురుగు తిరగలేదు, దాని పైపొర గీరుకుపోయి ఎండిపోతుంది. అందులో మూఢనమ్మకం ఏమీ లేదు. ఇప్పటి అపార్ట్‌మెంట్ గోడకు పేడ పిడకలు కొట్టలేం. కానీ ఇంట్లో ఏది ఉంటే దానితో గింజకు గూడు కట్టడమనే అలవాటు మాత్రం శుభలేఖతో కొనసాగించొచ్చు.

పిన్ని దగ్గర చిక్కుడు దొరికింది. మూడేళ్ళ కిందట అమ్మ పంపిన పొట్నం, క్యాలెండర్ కాగితంలో, కాస్త బూడిదతో, బీరువాలో చీరల మధ్య. గింజలు పదకొండు. రెండు పుచ్చాయి. తొమ్మిది పెడితే నాలుగు మొలిచాయి. పొట్లం మీద అమ్మ పెన్సిల్‌తో రాసిన అక్షరాలు నిన్న రాసినట్టే ఉన్నాయి. ఇంకుపెన్ సిరా తేమకు అలుక్కుంటుంది, స్కెచ్ పెన్ రంగు వెలిసిపోతుంది, షాపు బిల్లు కాగితం మీద అచ్చు ఏడాదికే మాయమైపోతుంది. పెన్సిల్ రాత చెరపనంతవరకూ ఉంటుంది.

ఆ రాత గురించే ఇంకా గట్టిగా చెప్పాలి. పేరు లేని గింజ సగం చచ్చినట్టే. మన పాత చిక్కుళ్ళు చాలావరకు పొద్దు తగ్గే రోజుల్లోనే పూత పూస్తాయి. ఆషాఢ శ్రావణాల్లో పెడితే పుష్యానికి కాపు. ఆ సంగతి తెలియనివాళ్ళు ఫిబ్రవరిలో పెడితే తీగ పందిరంతా అల్లుకుంటుంది, నెలల తరబడి పూతే రాదు. "ఇది గొడ్డు చిక్కుడు" అని పీకేస్తారు. గింజలో లోపం లేదు, పొట్లం మీద నాలుగు మాటలు లేకపోవడమే లోపం. అందుకే ఏ రకం, ఎవరిచ్చారు, ఏ నెలలో కోశాం, ఏ నెలలో విత్తాలి, ఇవి లేకుండా నేను ఎవరికీ పొట్లం ఇవ్వను, తీసుకున్నా వెంటనే అడిగి రాసుకుంటాను. మొదట్లో కొందరు నవ్వారు. ఇప్పుడు వాళ్ళే ఫోన్ చేసి "నెల రాశారా?" అని అడుగుతున్నారు.

ఇంత శ్రమ ఎందుకు, నర్సరీలో ముప్ఫై రూపాయలకు పాకెట్ దొరుకుతుంది కదా అంటారు. దొరుకుతుంది, కానీ అందులో అమ్మమ్మ చిక్కుడు ఉండదు. ఆ పాకెట్ మీద ఎఫ్1, అంటే రెండు రకాల్ని కలిపి చేసిన మొదటి తరం హైబ్రిడ్ అని ఉంటే దాని గింజలు దాచి మళ్ళీ వేసినా తల్లి లాంటి మొక్క రాదు. విత్తు ఒకటి వేస్తే చెట్టు ఒకటి మొలుస్తుందా అని మన పెద్దలు ధీమాగా అన్న సామెత ఆ గింజల దగ్గర చెల్లదు. హైబ్రిడ్ వేయొద్దని నేను చెప్పడం లేదు, నేనూ టమాటా వేస్తాను. దాని గింజను మాత్రం పొట్లం కట్టను.

పెద్ద పెద్ద విత్తన బ్యాంకులు ఉన్నాయి కదా అని ఇంకొందరంటారు. ఉన్నాయి, వాటి మీద నాకు చాలా గౌరవం. పటాన్‌చెరులో 1972లో మొదలైన ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ వారి భాండాగారంలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశెనగ, చిరుధాన్యాల నమూనాలు లక్షా ఇరవై వేలకు పైగా ఉన్నాయి. కానీ ఏ ఊళ్ళో ఏ దొడ్లో ఏ చిక్కుడు ఉందో అంతా అక్కడికి చేరదు. చేరినా, చలిగదిలో ఉన్న గింజకు మన గాలీ మన పురుగూ అలవాటు కావు. దీనికి మరో మాదిరి జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో ఉంది. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు గింజల్ని బుట్టల్లో, కుండల్లో, బూడిదతో, వేపాకుతో దాచుకుంటాయి. అవసరమైనవాళ్ళు తీసుకుని, పంట వచ్చాక ఎక్కువ కలిపి తిరిగిస్తారు. సంక్రాంతి వేళ పాత పంటల జాతరలో అవే గింజల్ని ఎడ్లబండ్ల మీద పెట్టి ఊరూరా తిప్పుతారు. 2019లో వాళ్ళకు ఐక్యరాజ్య సమితి వారి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. అక్కడి గింజలు ఏటా మట్టిలో పడి, మళ్ళీ బుట్టలోకి వస్తాయి. మన మిద్దెల మీద అంత చేయలేకపోయినా, ఆ పద్ధతిలో పదో వంతు చేయొచ్చు.

విత్తనాలు ఇచ్చిపుచ్చుకోవడం చట్టవిరుద్ధమేమో అని భయపడేవాళ్ళు కూడా నాకు తగిలారు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్ రైతు తన గింజను దాచుకోవడానికి, మళ్ళీ విత్తడానికి, పంచుకోవడానికి, అమ్ముకోవడానికి కూడా హక్కునిచ్చింది. రక్షణ పొందిన రకాన్ని బ్రాండు పేరుతో అమ్మకూడదు, అంతే. కాకపోతే దేశం దాటేటప్పుడు సంగతి వేరు. అమెరికాలో ఉన్న పిల్లలు గోంగూర గింజలు పంపమంటారు. శుభలేఖ కవర్లో దాచి సామానులో పెట్టేయకండి. ప్రతి దేశానికీ మొక్కల తెగుళ్ళ భయంతో పెట్టుకున్న నియమాలు ఉంటాయి, అనుమతి పత్రం లేకుండా గింజ తీసుకెళ్ళడం ఆ దేశపు పంటలకు నిజంగానే ప్రమాదం.

పొట్లం కట్టకూడని గింజలు కూడా ఉన్నాయి. మామిడి, పనస, కరివేపాకు గింజలు ఎండితే చచ్చిపోతాయి. కరివేపాకు పండు రాలిన కొద్ది రోజుల్లోనే తోలు తీసి నాటేయాలి.

ఎండబెట్టడం దగ్గర మనవాళ్ళు చేసే పొరపాటు ఏప్రిల్ ఎండలో డాబా మీద పోయడం. ఆ నేల మీద వేడి 40 డిగ్రీలు ఎప్పుడో దాటిపోతుంది, గింజ లోపలి పిలక మాడిపోతుంది. పొద్దున్న పది గంటల దాకా ఎండ, తర్వాత నీడలో గాలి. గుమ్మడి, దోస గింజను వంచితే పుటుక్కున విరగాలి. చిక్కుడు గింజను పంటితో నొక్కితే గాటు పడకూడదు. అంతవరకూ పొట్లం మాట ఎత్తొద్దు. పప్పుజాతి గింజల్ని మాత్రం నేను ఇప్పుడు ఇంకో మెట్టు ఎక్కిస్తున్నాను. పూర్తిగా ఎండాక గాలి చొరని డబ్బాలో పెట్టి వారం రోజులు ఫ్రీజర్‌లో ఉంచుతాను. లోపల దాగిన పురుగు చలికి చస్తుంది. బయటికి తీశాక డబ్బా చల్లదనం పూర్తిగా పోయేదాకా మూత తీయను, తీస్తే గింజల మీద చెమ్మ పడుతుంది.

చిన్న పొట్లం వల్ల ఇంకో మేలుంది. పెద్ద సీసాను విత్తేటప్పుడల్లా, ఎవరైనా అడిగినప్పుడల్లా తెరుస్తాం, తెరిచినప్పుడల్లా తడి గాలి లోపలికి పోతుంది. పొట్లాలైతే ఒకటి తీసుకుని డబ్బా మూసేస్తాం, మిగతావి కదలవు. పది, పదిహేను గింజల పొట్లం ఒక ఇంటికి ఒక పాదుకు సరిపోతుంది. ఇచ్చేవాళ్ళకు బరువు కాదు, తీసుకునేవాళ్ళకు మొహమాటం ఉండదు. అరకేజీ సీసాను ఎవరికీ ఇవ్వలేం, దాన్ని చూసుకుని మురవడమే. నేను చేసింది అదే.

పిన్ని గింజల్లో మొలిచిన నాలుగు మొక్కల్లో మూడు నిలిచాయి. రథసప్తమి నాడు ఆ కాయలతోనే రథం చేసి, ఆ ఆకుల్లోనే పరమాన్నం పెట్టాను. ఆ తర్వాత ఒక్క కాయ కూడా కూరకు కోయలేదు, అన్నీ తీగ మీదే ఎండనిచ్చాను. రెండు వందల పైచిలుకు గింజలు వచ్చాయి. పదిహేడు పొట్లాలయ్యాయి. మొదటిది పిన్నికి. రెండు పెద్దమ్మ కూతుళ్ళకి, ఒకటి రాజమండ్రిలో మేనకోడలికి, మూడు మా వీధిలో, ఒకటి పక్కింటి పిల్లలకు, వాళ్ళే మడిచిన పొట్లంలో. నాలుగు మా ఇంట్లోనే, మూడు వేరువేరు చోట్ల. ఐదు ఇంకా ఉన్నాయి, పందిరి వేసే చోటున్న ఇళ్ళ కోసం అడుగుతున్నాను. పొట్లం మీద పెన్సిల్‌తో రాసింది ఇది:

"ఊదా అంచు పందిరి చిక్కుడు. పిఠాపురం వైపు అమ్మమ్మది. 12 గింజలు. మాఘంలో కోసినవి. ఆషాఢం దాటనివ్వకుండా పెట్టండి. కాసిన మొదటి ఏడు నాలుగు కాయలు తీగ మీదే వదిలేయండి."